నెక్స్ట్‌క్లౌడ్ 25 నుంచి 31కి: పంచిన లింకులు చెడకుండా ఎట్ల ఎక్కాలె?

తాటాకు_ఓరుగల్లు | శనివారం ఉదయం 9:12

అందరికి నమస్తే. మా ఊరి పాత విద్యార్థుల సంఘం తరఫున ఒక చిన్న సర్వర్ నడుస్తున్నది, వరంగల్‌ల ఒక దోస్తు ఆఫీసు గదిల. గ్రంథాలయం పాత పుస్తకాల స్కాన్లు, ఊరి ఫొటోలు, ఇద్దరు ముగ్గురి ఇండ్లల్ల దొరికిన తాటాకు ప్రతుల ఫొటోలు అన్నీ నెక్స్ట్‌క్లౌడ్‌లనే (సొంత సర్వర్ మీద ఫైళ్లు దాచి పంచుకునే సాఫ్ట్‌వేర్) ఉన్నయి. మొత్తం 900 జీబీ దాకా. మొదట పెట్టినాయన ఉద్యోగం మీద దేశం దాటిండు, ఇప్పుడు చూసుకునుడు నా వంతు.

డాకర్ కంపోజ్ (ఒక్కో ప్రోగ్రామును కంటైనర్ అనే వేరే పెట్టెల నడిపే పద్ధతి) మీద నెక్స్ట్‌క్లౌడ్ 25, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 12. నేను 31 దాకా పోవాలె. టెస్టు మెషీన్‌ల ఒక కాపీ పెట్టి, కంపోజ్ ఫైల్ల వెర్షన్ చెప్పే ట్యాగ్ 31 అని మార్చి చూసిన. కంటైనర్ లేస్తలేదు. ఒక్కసారికి ఒక్క మేజర్ వెర్షనే ఎక్కొచ్చు అని లాగ్‌ల రాసి ఆగిపోతున్నది.

నాకు అన్నిటికన్న ముఖ్యమైంది పబ్లిక్ లింకులు. గ్రంథాలయంల ఒక్కో పుస్తకం అట్ట లోపల క్యూఆర్ కోడ్ అంటించినం, స్కాన్ చేస్తే నేరుగా ఆ పుస్తకం ఫైలు తెరుచుకుంటది. వాట్సాప్ గ్రూపుల్ల తిరిగే లింకులకైతే లెక్కే లేదు. అవి ఒక్కటి కూడా చెడద్దు. ఎట్ల చెయ్యాలె?

---

పెట్టెలో_పెంగ్విన్ | శనివారం ఉదయం 9:40

అన్నా, ఆరు మెట్లు ఎక్కే బదులు పక్కన కొత్తగా 31 పెట్టేయ్. ఫైళ్లన్నీ ఆర్‌సింక్ అనే పనిముట్టుతో కాపీ చేసి, ఓసీసీలో (నెక్స్ట్‌క్లౌడ్ కమాండ్ లైన్ పనిముట్టు) ఫైల్స్ స్కాన్ కమాండ్ ఒక్కటి కొడితే అన్నీ కనిపిస్తాయి. పాత చెత్తంతా వదిలిపోతుంది. మా ఇంట్లో ఫొటోల సర్వర్‌కి నేను ఇలాగే చేశాను, ఒక్క రాత్రిలో పని అయిపోయింది.

---

కృష్ణాకరకట్ట | శనివారం ఉదయం 10:25

పెంగ్విన్ గారూ, ఇంటి ఫొటోలకి ఆ పద్ధతి బాగానే ఉంటుందండి. ఈయన విషయంలో మాత్రం దయచేసి ఆ సలహా ఇవ్వొద్దు.

పబ్లిక్ లింకు చివర కనిపించే ఆ అక్షరాల గుత్తి ఫైల్లో ఉండదు. డేటాబేస్‌లో ఓసీ_షేర్ అనే పట్టికలో ఉంటుంది. ఆ వరసలో ఫైలు పేరు బదులు ఫైలు నంబరును పట్టుకుంటారు, ఆ నంబరు వచ్చేది ఓసీ_ఫైల్‌క్యాష్ పట్టిక నుంచి. కొత్త ఇన్‌స్టాల్‌లో స్కాన్ కొడితే ప్రతి ఫైలుకీ కొత్త నంబరు పడుతుంది, పాత షేర్ల పట్టిక అసలు రాదు. క్యూఆర్ కోడ్లన్నీ ఆ క్షణమే చచ్చిపోతాయి. ట్యాగులు, వ్యాఖ్యలు, ఇష్టమైనవిగా పెట్టుకున్న గుర్తులు కూడా ఆ నంబర్లకే కట్టుబడి ఉంటాయి కాబట్టి అవీ పోతాయి.

తాటాకు గారూ, మీరు 26, 27, 28, 29, 30, 31 అని ఒక్కొక్కటే ఎక్కండి. ప్రతి మేజర్ వెర్షన్‌లోనూ పట్టికల ఆకారం మార్చే మైగ్రేషన్లు ఉంటాయి. 27 కోడు 26 వదిలిన పట్టికలను చూసి రాసింది, 25 పట్టికలను దానికి అప్పగిస్తే ఏం చేయాలో దానికి తెలియదు. మధ్యవి దాటెయ్యనివ్వనిది అందుకే. వెనక్కి దిగడానికి దారి కూడా లేదు, డౌన్‌గ్రేడ్‌ని నెక్స్ట్‌క్లౌడ్ ఒప్పుకోదు. వెనక్కి రావాలంటే బ్యాకప్ ఒక్కటే గతి.

మొదలుపెట్టే ముందు 25లోనే ఆఖరి చిన్న విడుదలకి వెళ్లండి. ఆ తర్వాత ట్యాగ్ కేవలం 26 అని రాస్తే ఆ వరసలో ఆఖరిదే దిగుతుంది. లేటెస్ట్ అనే ట్యాగ్ కంపోజ్ ఫైల్లో ఎక్కడ ఉన్నా ఇవాళే తీసేయండి.

---

తాటాకు_ఓరుగల్లు | శనివారం ఉదయం 11:03

కరకట్ట గారు, మస్తు సాయం చేసిన్రు. షేర్ పట్టిక సంగతి నాకు తెల్వది. ఇగ నంబరు ప్రకారమే ఎక్కుత.

బ్యాకప్ విషయం: 900 జీబీ కాపీ కావాలంటే ఇక్కడ చాలా సేపు పడుతది. అంతసేపు సర్వర్ బందు పెట్టాల్నా?

---

డల్లాస్_మామిడితోట | శనివారం మధ్యాహ్నం 12:18

అక్కర్లేదు తమ్ముడూ. సర్వర్ నడుస్తుండగానే డేటా ఫోల్డర్‌ని ఆర్‌సింక్‌తో ఒకసారి కాపీ చేసెయ్. ఎంతసేపు పట్టినా పర్వాలేదు, జనం వాడుకుంటూనే ఉంటారు. అది అయ్యాక మెయింటెనెన్స్ మోడ్ (వాడేవాళ్లని తాత్కాలికంగా ఆపేది) ఆన్ చేసి, వేళకి పనులు నడిపే క్రాన్ కంటైనర్ కూడా ఆపి, అదే ఆర్‌సింక్ రెండోసారి కొట్టు. ఈసారి మధ్యలో మారిన ఫైళ్లే వెళ్తాయి, తొందరగా అయిపోతుంది. మెయింటెనెన్స్ మోడ్ తీయకముందే డేటాబేస్ డంప్ (పట్టికలన్నీ ఒక ఫైల్లోకి రాసిన కాపీ) తీసుకో. ఫైళ్లూ డేటాబేసూ ఒకే క్షణానివి కావాలి, లేకపోతే పట్టికలో ఉన్న ఫైలు డిస్కులో ఉండదు, డిస్కులో ఉన్నది పట్టికలో ఉండదు.

చాలామంది కాన్ఫిగ్ ఫోల్డర్ మర్చిపోతారు. కాన్ఫిగ్ డాట్ పీహెచ్‌పీలో సీక్రెట్, పాస్‌వర్డ్ సాల్ట్, ఇన్‌స్టెన్స్ ఐడీ ఉంటాయి. అవి లేకుండా డేటాబేస్ ఒక్కటే తిరిగి పెడితే అతకదు. బయటి యాప్‌లు పెట్టుకున్న కస్టమ్ యాప్స్ ఫోల్డర్ కూడా తీసుకో.

ఇంకొక మాట. ఎప్పుడైనా పాత బ్యాకప్‌కి తిరిగి రావాల్సి వస్తే, సర్వర్ లేచిన వెంటనే ఓసీసీలో మెయింటెనెన్స్ డేటా ఫింగర్‌ప్రింట్ కమాండ్ కొట్టు. లేకపోతే మీవాళ్ల ల్యాప్‌టాప్‌లలో సింక్ క్లయింట్లు సర్వర్‌లో లేని కొత్త ఫైళ్లను చూసి, ఎవరో తీసేశారనుకుని తమ దగ్గర కూడా చెరిపేస్తాయి. ఆ కమాండ్ కొడితే బ్యాకప్ నుంచి వచ్చామని వాటికి తెలుస్తుంది, చెరపకుండా ఉంచుతాయి. ఈ సంగతి తెలియక నిన్న మొన్నటి పని పోగొట్టుకున్నవాళ్లని నేను చూశాను.

---

కోనసీమ_కొబ్బరి | శనివారం మధ్యాహ్నం 2:47

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా వైపు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. మైగ్రేషన్ సగంలో ఉండగా కరెంటు పోతే డేటాబేస్ గతేంటండీ?

---

పట్టికల_అక్క | శనివారం మధ్యాహ్నం 3:30

కొబ్బరి గారూ, పోస్ట్‌గ్రెస్‌లో పట్టిక ఆకారం మార్చే ఆదేశాలు కూడా ట్రాన్సాక్షన్ (అయితే మొత్తం అవుతుంది, లేకపోతే ఏదీ కాదు) లోపలే నడుస్తాయి. సగంలో కరెంటు పోతే, తిరిగి లేచాక ఆ సగం మార్పు జరగనట్టే ఉంటుంది. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీల్లో అలా కాదు. అక్కడ ఆల్టర్ టేబుల్ కొట్టగానే అప్పటిదాకా చేసింది కమిట్ అయిపోతుంది, వెనక్కి తీసుకోలేరు. అయినా ఏ డేటాబేస్ అయినా యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. ఒక మేజర్ వెర్షన్‌లో మైగ్రేషన్లు వరసగా చాలా ఉంటాయి. కొన్ని అయ్యి కొన్ని మిగిలిపోవడం పోస్ట్‌గ్రెస్‌లో కూడా జరగొచ్చు. అప్పుడు ఓసీసీ అప్‌గ్రేడ్ మళ్లీ కొడితే మిగిలినవి నడుస్తాయి.

తాటాకు తమ్ముడూ, అసలు నేను రాద్దామనుకున్నది నీ పోస్ట్‌గ్రెస్ 12 గురించి. దానికి మద్దతు 2024 నవంబరులో ముగిసింది. నెక్స్ట్‌క్లౌడ్‌తో పాటు దాన్నీ ఎక్కించాలి, కానీ రెండూ ఒకే రోజు కలిపి మార్చకు. ఏది విరిగిందో తెలియదు. 12 మీదే నెక్స్ట్‌క్లౌడ్ 28 దాకా వెళ్లు. అక్కడ ఆగి డేటాబేస్‌ని 15 చెయ్. తర్వాత మిగతావి ఎక్కు.

కంపోజ్ ఫైల్లో 12 తీసి 15 అని రాస్తే సరిపోదు. పోస్ట్‌గ్రెస్ మేజర్ వెర్షన్ మారితే డిస్కు మీద రాత పద్ధతే మారుతుంది, డేటా డైరెక్టరీ పాత వెర్షన్‌ది అని చెప్పి 15 లేవదు. డంప్ తీసి కొత్త ఖాళీ వాల్యూమ్‌లో (డాకర్ డేటా దాచే చోటు) పొయ్యాలి.

---

పెట్టెలో_పెంగ్విన్ | శనివారం సాయంత్రం 4:05

అక్కా, పీజీ_అప్‌గ్రేడ్ అని పోస్ట్‌గ్రెస్ సొంత పనిముట్టు ఉంది కదా, లింక్ ఆప్షన్‌తో (పాత ఫైళ్లను కాపీ చెయ్యకుండా వాటినే వాడుకునేది) నిమిషాల్లో అయిపోతుందంటారు. డంప్ ఎందుకు? ఎక్కేదేదో 15 ఎందుకు, నేరుగా 17కే వెళ్లొచ్చుగా?

---

పట్టికల_అక్క | శనివారం సాయంత్రం 5:22

మంచి ప్రశ్నలే. నెక్స్ట్‌క్లౌడ్ 28 వచ్చింది 2023 డిసెంబరులో. పోస్ట్‌గ్రెస్ 17 వచ్చింది 2024 సెప్టెంబరులో. 28 తయారైనప్పుడు 17 ఇంకా పుట్టనే లేదు, దాని మీద ఎవరూ పరీక్షించలేదు. 15 అయితే 28కీ సరిపోతుంది, 31కీ సరిపోతుంది. ప్రతి నెక్స్ట్‌క్లౌడ్ వెర్షన్ మాన్యువల్‌లో సిస్టమ్ అవసరాల పేజీ ఉంటుంది, ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి రెండింట్లో ఉన్న వెర్షన్ ఎంచుకోవాలి.

పీజీ_అప్‌గ్రేడ్ మంచి పనిముట్టే, టెరాబైట్ల డేటాబేస్ అయితే నేను అదే వాడతాను. కానీ దానికి పాత ప్రోగ్రామూ కొత్త ప్రోగ్రామూ రెండూ ఒకే చోట ఉండాలి, అధికారిక డాకర్ ఇమేజ్‌లో (కంటైనర్ తయారయ్యే మూస) ఒక్కటే ఉంటుంది. లింక్ ఆప్షన్ వాడి కొత్త సర్వర్ ఒకసారి లేపాక పాతది ఇక పనికిరాదు. తమ్ముడి 900 జీబీలో డేటాబేస్ వాటా చాలా చిన్నది, ఫైళ్లు డిస్కు మీద వేరే ఉన్నాయి. అంత చిన్నదానికి డంపే సుఖం.

డంప్ వల్ల ఇంకో లాభం ఉంది. తెలుగులో పేర్లు పెట్టిన ఫైళ్లున్న ప్రతివాళ్లూ ఇది వినాలి. అక్షరాల మీద కట్టిన ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచిక) అంతా ఏ అక్షరం ముందు ఏది వెనక అనే క్రమం మీదే నిలబడుతుంది. ఆ క్రమం పోస్ట్‌గ్రెస్‌ది కాదు, కింద ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉన్న సీ లైబ్రరీది. 2018లో జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ 2.28లో ఆ క్రమం పెద్దఎత్తున మారింది. ఆల్పైన్ లినక్స్ ఇమేజ్ నుంచి డెబియన్ లినక్స్ ఇమేజ్‌కి మారినా లైబ్రరీయే మారిపోతుంది. పాత డిస్కు ఫైళ్లనే కొత్త లైబ్రరీ కింద నడిపితే, పట్టికలో వరస ఉంటుంది కానీ ఇండెక్స్ దాన్ని తప్పు చోట వెతుకుతుంది. ఉన్న ఫైలు లేదంటుంది, ఒక్కటే ఉండాల్సిన పేరు రెండుసార్లు ఎక్కనిస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, నెలల తర్వాత బయటపడుతుంది. 15 నుంచి కొలేషన్ (అక్షర క్రమం) వెర్షన్ కుదరలేదని హెచ్చరిక వస్తుంది, అది కనిపిస్తే రీఇండెక్స్ చేసి ఆ తర్వాతే వెర్షన్ రిఫ్రెష్ ఆదేశం ఇవ్వాలి. ఆదేశం ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే హెచ్చరిక పోతుంది, జబ్బు ఉంటుంది. డంప్ తీసి పోస్తే ఇండెక్సులన్నీ కొత్త క్రమంలో మొదటి నుంచి కట్టుకుంటాయి.

---

బెంగళూరు_గిట్టు | శనివారం రాత్రి 8:50

మా ఆఫీసులో గిట్‌ల్యాబ్ (ప్రోగ్రాముల కోడు దాచుకునే సర్వర్) నేను చూస్తాను. అక్కడా ఇదే కథ, కాకపోతే తప్పనిసరిగా ఆగాల్సిన వెర్షన్లని వాళ్లే ప్రకటిస్తారు. 15.11, 16.3, 16.7, 16.11 అలా. ఆగిన చోట బ్యాక్‌గ్రౌండ్ మైగ్రేషన్లు పూర్తిగా అయ్యేదాకా కదలకూడదు. పేజీ తెరుచుకుంది కదా అని పక్క వెర్షన్‌కి దూకితే అక్కడ ఇరుక్కుంటారు. పోస్ట్‌గ్రెస్ కూడా గిట్‌ల్యాబ్ 16కి కనీసం 13, గిట్‌ల్యాబ్ 17కి కనీసం 14 అడుగుతుంది.

తాటాకు అన్నా, టెస్టు కాపీ లేపేటప్పుడు మెయిల్ సెట్టింగ్స్ తీసెయ్, క్రాన్ నడపకు, ట్రస్టెడ్ డొమైన్స్ (సర్వర్ ఒప్పుకునే అడ్రసులు) మార్చు. లేకపోతే టెస్టు సర్వర్ నుంచి మీ సభ్యులందరికీ నిజం మెయిల్స్ వెళ్తాయి.

---

తాటాకు_ఓరుగల్లు | ఆదివారం రాత్రి 10:15

అందరికి పేరుపేరునా దండాలు. టెస్టు కాపీ మీద పొద్దున సంది కూసున్న. 25 నుంచి 28 దాకా నీళ్లు తాగినట్టు అయింది. ట్యాగ్ మార్చుడు, పుల్ చేసుడు, లేపుడు, లాగ్ చూసుకుంట కూసునుడు. అప్‌డేట్ సక్సెస్‌ఫుల్ అని పడినంక ఓసీసీ స్టేటస్ కొట్టి, నీడ్స్‌డీబీఅప్‌గ్రేడ్ అన్న దగ్గర ఫాల్స్ ఉన్నదా చూసి అప్పుడు ముందుకు పోయిన. 28ల రెండు బయటి యాప్‌లు డిసేబుల్ అయినయి.

డేటాబేస్ 15 చేసే దగ్గర ఆగిపోయిన. పీజీ_డంప్‌తో నెక్స్ట్‌క్లౌడ్ డేటాబేస్ ఒక్కటే తీసి పోస్తే, ఓసీ_అడ్మిన్ అనే రోల్ (డేటాబేస్ యూజర్) లేదు అని ఎర్రర్ల మీద ఎర్రర్లు. కంపోజ్ ఫైల్ల అసలు ఆ పేరే లేదు. తర్వాత పీజీ_డంపాల్‌తో మొత్తం తీసి పోసిన, ఈసారి పట్టికలన్నీ వచ్చినయి. కని నెక్స్ట్‌క్లౌడ్ లోపలికి పోతలేదు, పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్ అంటున్నది. పాస్‌వర్డ్ అదే, ఒక్క అక్షరం మార్చలే.

---

పట్టికల_అక్క | ఆదివారం రాత్రి 11:02

రెండూ తెలిసిన చిక్కులే తమ్ముడూ, కంగారు పడకు.

మొదటిది: పాత నెక్స్ట్‌క్లౌడ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, తనకిచ్చిన డేటాబేస్ యూజర్‌కి రోల్స్ సృష్టించే హక్కు ఉంటే, తనకోసం ఓసీ_ అని మొదలయ్యే వేరే యూజర్‌ని తయారు చేసుకునేది. కాన్ఫిగ్ డాట్ పీహెచ్‌పీలో డీబీయూజర్ చూడు, అక్కడ ఉన్నది అదే. పట్టికలన్నీ దాని పేరు మీద ఉంటాయి. పీజీ_డంప్ రోల్స్‌ని తీసుకురాదు, పీజీ_డంపాల్ తెస్తుంది. నువ్వు చేసింది సరైనదే.

రెండోది: 12లో పాస్‌వర్డ్ ఎండీ5 అనే పాత పద్ధతిలో దాచి ఉంది, డంపాల్ దాన్ని అలాగే తెచ్చి పెట్టింది. 14 నుంచి డాకర్ ఇమేజ్ నెట్‌వర్క్ మీద వచ్చేవాళ్లని స్క్రామ్ అనే కొత్త పద్ధతిలో మాత్రమే లోపలికి రానిస్తుంది. ఎండీ5గా దాచిన పాస్‌వర్డ్‌తో స్క్రామ్ కుదరదు. అందుకని పాస్‌వర్డ్ సరైనదైనా తప్పంటుంది. కంటైనర్ లోపలికి వెళ్లి పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్‌కి ఆదేశాలిచ్చే పనిముట్టు) తెరిచి ఆల్టర్ రోల్‌తో అదే పాస్‌వర్డ్ మళ్లీ ఇవ్వు. ఓసీ_అడ్మిన్‌కీ ఇవ్వు, కంపోజ్‌లో ఉన్న యూజర్‌కీ ఇవ్వు. కొత్త సర్వర్ దాన్ని స్క్రామ్‌గా దాచుకుంటుంది. పీజీ_హెచ్‌బీఏ ఫైల్లో ట్రస్ట్ (పాస్‌వర్డ్ అడగకుండా రానివ్వడం) అని పెట్టి దాటెయ్యమని ఎవరైనా చెప్తే వినకు.

డంప్ తీసేటప్పుడు పాత 12 సర్వర్‌కి తగిలి 15 వెర్షన్ పీజీ_డంపాల్‌తో తియ్యి, ఎప్పుడూ కొత్తదాని పనిముట్టే వాడాలి. పోసేటప్పుడు వచ్చేదంతా ఒక ఫైల్లోకి మళ్లించి ఎర్రర్ అన్న వరసలు చదువు. రోల్ ఇప్పటికే ఉంది అన్న ఎర్రర్ ఒక్కటి వదిలెయ్యొచ్చు. పని అయ్యాక అనలైజ్ తప్పకుండా కొట్టు, లేకపోతే ప్లానర్‌కి (ఏ దారిన వెతకాలో ఎంచుకునే భాగం) లెక్కలు తెలియక మొదట్లో అన్నీ ఈడుస్తాయి. ఓసీ_షేర్‌లో, ఓసీ_ఫైల్‌క్యాష్‌లో వరసల లెక్క అటూ ఇటూ సరిచూసుకో.

---

కృష్ణాకరకట్ట | సోమవారం ఉదయం 7:35

డిసేబుల్ అయిన యాప్‌ల గురించి: 28లో ఫైల్స్ పేజీని కొత్తగా రాశారండి. పాత పేజీకి అతుక్కుని పనిచేసే బయటి యాప్‌లు చాలా అక్కడే ఆగిపోయాయి. వాటిని బలవంతంగా ఎనేబుల్ చెయ్యకండి. యాప్ స్టోర్‌లో 28కి సరిపడే విడుదల ఉందేమో చూడండి, లేదంటే 29కి వెళ్లాక మళ్లీ చూడండి. డిసేబుల్ అయినంత మాత్రాన ఆ యాప్ సమాచారం డేటాబేస్‌లోంచి పోదు.

31కి చేరాక ఓసీసీలో డీబీ యాడ్ మిస్సింగ్ ఇండిసెస్ కొట్టండి. ఫైల్‌క్యాష్ పట్టిక పెద్దది కాబట్టి కొంచెం సేపు పడుతుంది. మెయింటెనెన్స్ రిపేర్ కమాండ్‌ని ఇంక్లూడ్ ఎక్స్‌పెన్సివ్ ఆప్షన్‌తో నడపమని అడ్మిన్ పేజీలో అడుగుతుంది, అదీ రాత్రిపూట పెట్టుకోండి.

---

తాటాకు_ఓరుగల్లు | బుధవారం రాత్రి 11:48

అయిపోయింది. అసలు సర్వర్ 31 మీద, పోస్ట్‌గ్రెస్ 15 మీద నడుస్తున్నది.

టెస్టుల రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని అదే వరుసల చేసిన. పాస్‌వర్డ్ మళ్ల ఇచ్చిన్నో లేదో నెక్స్ట్‌క్లౌడ్ లోపలికి పోయింది. షేర్ల వరసల లెక్క ముందు తీసిపెట్టుకున్నదానితోని సరిపోయింది. గ్రంథాలయంల ఉన్న చెల్లెకు ఫోన్ చేసి, ఒక్కో రాక్ నుంచి ఒక్కో పుస్తకం తీసి క్యూఆర్ కొట్టమన్న, అన్నీ తెరుచుకున్నయి. రెండు యాప్‌లల్ల ఒకటి 29ల తిరిగొచ్చింది, రెండోదాన్ని ఎవరూ వాడుతలేరు, తీసేసిన.

కరకట్ట గారు, అక్క, డల్లాస్ అన్న, గిట్టు తమ్మి, మీరు లేకుంటే నేను పెంగ్విన్ తమ్మి చెప్పినట్టు కొత్తగా పెట్టి ఈ లింకులన్నీ పోగొట్టుకునేటోన్ని. పెంగ్విన్ తమ్మి, నీ ప్రశ్నలతోనే నాకు సగం సంగతులు తెలిసినయి.

---

పెట్టెలో_పెంగ్విన్ | గురువారం ఉదయం 8:10

చాలా సంతోషం అన్నా. నేను కూడా ఫైల్‌క్యాష్ నంబర్ల సంగతి ఇక్కడే నేర్చుకున్నాను. పాత పోస్ట్‌గ్రెస్ 12 వాల్యూమ్ ఏం చేశావు?

---

తాటాకు_ఓరుగల్లు | గురువారం ఉదయం 8:31

అట్లనే ఉంచిన తమ్మి. కంపోజ్‌ల నుంచి తీసేసిన, వాల్యూమ్ తీసెయ్యలే. ఈ నెల బ్యాకప్‌లు కొత్త డేటాబేస్‌వి రెండు మూడు పడి, అందుల ఒకటి టెస్టు మెషీన్‌ల పోసి లేస్తదని చూసినంక తీసేస్త.

---

డల్లాస్_మామిడితోట | గురువారం ఉదయం 9:55

మంచి పని. ముందుముందు పోస్ట్‌గ్రెస్ 18కి వెళ్లేరోజు ఒకటి గుర్తుపెట్టుకో. ఆ ఇమేజ్‌లో డేటా ఉండే దారి మార్చారు, వెర్షన్ నంబరు పేరుతో ఫోల్డర్ లోపల ఉంటుంది. వాల్యూమ్‌ని ఇప్పటిలా చివరి డేటా ఫోల్డర్‌కి కాకుండా దాని పై ఫోల్డర్‌కి తగిలించాలి.

---

కోనసీమ_కొబ్బరి | గురువారం సాయంత్రం 6:20

అక్కా, నాది మరియాడీబీ. నెక్స్ట్‌క్లౌడ్ 27. నేనూ డంప్ తీసి పొయ్యాలా?

---

పట్టికల_అక్క | గురువారం రాత్రి 9:14

మరియాడీబీలో కొత్త సర్వర్ పాత డైరెక్టరీని తెరుస్తుందండి, తర్వాత మరియాడీబీ అప్‌గ్రేడ్ నడపాలి. డాకర్‌లో మరియాడీబీ ఆటో అప్‌గ్రేడ్ అనే వేరియబుల్ పెడితే అదే నడుపుకుంటుంది. కానీ పాత సర్వర్‌ని శుభ్రంగా ఆపాకే ట్యాగ్ మార్చండి. కరెంటు పోయి అర్ధాంతరంగా ఆగిన డైరెక్టరీని కొత్త వెర్షన్‌కి ఇవ్వకూడదు. మళ్లీ పాత వెర్షన్‌తోనే లేపి, మామూలుగా ఆపి, అప్పుడు మార్చాలి.

బ్యాకప్ కోసం డంప్ ఎలాగూ తీయాలి. సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ పెట్టండి, క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని ఇవ్వండి. తెలుగు అక్షరం మూడు బైట్లు, పాత యూటీఎఫ్8లో పడుతుంది కాబట్టి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఫైలు పేర్లలో ఇమోజీ ఉంటే అది నాలుగు బైట్లు, అక్కడ చెడుతుంది. మీ ఇంట్లో పిల్లలు ఫోల్డర్లకి ఇమోజీలు పెట్టే ఉంటారు, డంప్ పోశాక ముందు వాటినే తెరిచి చూడండి.